డేట్ రాస్తే మార్కు పడుతుంది.. మరి అర్థమైందో లేదో తేలేదెలా? బయాలజీ పరీక్షకు ‘మోడల్’ దారి

మలేరియా దోమతో వస్తుందని కనిపెట్టింది ఎవరు? ఎక్కడ? ఎప్పుడు?

రొనాల్డ్ రాస్. సికింద్రాబాద్. 1897 ఆగస్టు 20. డిగ్రీలో జువాలజీ చదివే స్టూడెంట్‌ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. పరీక్షలో మార్కు కూడా పడిపోతుంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఒక బస్తీలో అందరూ దోమతెరలు వాడటంతో దోమకాట్లు సగానికి తగ్గాయి. అప్పుడు ఒక్కో రోగి నుంచి కొత్తగా మలేరియా అంటుకునేవాళ్ల సంఖ్య ఎంత తగ్గుతుంది?

టక్కున నోటికొచ్చే జవాబు ‘సగం’. అది తప్పు. పావు వంతుకు పడిపోతుంది. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

మొదటి ప్రశ్నకు జ్ఞాపకశక్తి ఉంటే చాలు. రెండో ప్రశ్నకు జబ్బు ఎలా పాకుతుందో తెలిసి ఉండాలి. యూనివర్సిటీ బయాలజీ కోర్సుల్లో ఈ రెండో రకం తెలివిని కొలవడానికి ప్రపంచవ్యాప్తంగా వాడుతున్న దారుల్లో ఒకటి కంప్యూటేషనల్ మోడలింగ్. పేరు పెద్దగా ఉంది కానీ విషయం సింపుల్. స్టూడెంట్‌ని జవాబు రాయమనడం కాదు, జీవవ్యవస్థకు ఒక చిన్న నమూనా కట్టమనాలి. దాన్ని కంప్యూటర్‌లో నడిపించి చూడమనాలి. ఎక్కడ అర్థమైందో, ఎక్కడ కాలేదో అక్కడే తెలిసిపోతుంది.

గన్‌ఫౌండ్రీ పేరులోనే ఉంది క్లూ

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఎలా వచ్చిందో తెలిసిందే. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచ్ సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోసే కార్ఖానా పెట్టించాడు. పాతవాళ్లు దాన్ని ‘తోప్ కా సాంచా’ అంటారు. తోప్ అంటే ఫిరంగి. సాంచా అంటే అచ్చు.

అచ్చులో లోపం ఉంటే లోహం పోశాక దాచలేం. అది ఫిరంగిలో కనిపిస్తుంది. మోడల్ సంగతీ అంతే. స్టూడెంట్ బుర్రలో ఉన్న అచ్చు తప్పుగా ఉంటే, దాన్ని నడిపించగానే వచ్చే గ్రాఫ్ కూడా తప్పుగా వస్తుంది. వ్యాసరూప ప్రశ్నలో ఈ చాన్స్ ఉండదు. గైడులోని నాలుగు పేరాలు దింపేస్తే తప్పు కనిపించకుండానే పేపర్ నిండిపోతుంది.

ఈ ఏరియా మొత్తం చదువులకు అడ్డా. గన్‌ఫౌండ్రీ పక్కనే బషీర్‌బాగ్‌లో 1887 నాటి నిజాం కాలేజీ ఉంది. మొదట్లో అది మద్రాస్ యూనివర్సిటీకి అనుబంధంగా ఉండేది. 1947లో ఉస్మానియా యూనివర్సిటీలో భాగమైంది. అటు నాంపల్లిలో ఇందిరా ప్రియదర్శిని ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ. మధ్యలో ఆబిడ్స్. ఆదివారం వస్తే ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. ఈ రోడ్ల మీద బ్యాగులేసుకుని తిరిగే బీజెడ్‌సీ స్టూడెంట్స్‌కి సెమిస్టర్ ముందు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే.. ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఏంటి?’

తప్పు వాళ్లది కాదు. పరీక్ష ఏది అడిగితే చదువు అటే వెళ్తుంది.

రాస్ కథలో రెండో సగం ఎవరూ అడగరు

రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో ఏం చేశారో సగం కథే మనకు తెలుసు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించారు. ఒక్కో కాటుకు ఒక అణా ఇచ్చారు. ఆ దోమల్ని కోసి మైక్రోస్కోప్ కింద పెడితే, పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. 1902లో నోబెల్ వచ్చింది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి అధికారికంగా ఆయన పేరే ఉంది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నాం.

రెండో సగం ఏంటంటే.. ‘దోమల్ని పూర్తిగా ఎలాగూ చంపలేం కదా, మరి చంపి లాభం ఏంటి?’ అన్న వాదన అప్పట్లో గట్టిగా ఉండేది. రాస్ దీనికి లెక్కలతో జవాబు చెప్పారు. 1908లో మారిషస్ మీద ఇచ్చిన రిపోర్టులో, 1911లో మలేరియా నివారణపై తెచ్చిన పుస్తకంలో ఈ లెక్క ఉంది. దోమలు మొత్తం పోనక్కర్లేదు, ఒక హద్దు కంటే కిందికి తగ్గితే చాలు, మలేరియా తనంతట తానే ఆరిపోతుందని ఆయన చూపించారు.

అప్పుడు కంప్యూటర్ లేదు. అయినా అది మోడలే. ఇప్పుడు స్టూడెంట్స్ ల్యాప్‌టాప్‌లో చేసేది ఆ పనినే, కాస్త వేగంగా.

ఇక్కడితో ఆగలేదు. మలేరియా పనిలో రాస్‌తో కలిసి నడిచిన ఆండర్సన్ మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో డాక్టర్. ఆయన కెర్మాక్‌తో కలిసి 1927లో అంటువ్యాధుల మోడల్ ఇచ్చారు. అది సరిపోతుందా లేదా అని పోల్చి చూసింది 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో. కోవిడ్ రోజుల్లో టీవీల్లో రోజూ కనిపించిన ఎక్కే, దిగే గ్రాఫ్‌లకు మూలం అదే. అంటే బయాలజీ మోడలింగ్ మనకు కొత్తగా దిగుమతి అయిన సబ్జెక్ట్ కాదు. దాని పునాదిలో మన నేల మీద జరిగిన పని ఉంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి

ఒక రోగి నుంచి సగటున ఇద్దరికి మలేరియా అంటుకుంటోంది అనుకుందాం. ఒకరి నుంచి ఇద్దరు, ఇద్దరి నుంచి నలుగురు, తర్వాత 8, 16.. ఇలా పెరుగుతూ పోతుంది.

ఇప్పుడు దోమల సంఖ్యను 60 శాతం తగ్గించారు. ఇంకా 40 శాతం దోమలు ఉన్నాయి. కానీ ఒక రోగి నుంచి అంటుకునేవాళ్లు 2 నుంచి 0.8కి దిగిపోయారు. 100 మంది రోగులుంటే తర్వాతి విడతలో 80, ఆ తర్వాత 64, తర్వాత 51. దోమలు ఉన్నాయి, జబ్బు మాత్రం ఆరిపోతోంది.

మరి మొదట్లో అడిగిన దోమతెరల ప్రశ్న? మలేరియా పాకాలంటే దోమ రెండుసార్లు కుట్టాలి. ముందు రోగిని, తర్వాత ఆరోగ్యంగా ఉన్న మనిషిని. కాట్లు సగమైతే రోగిని కుట్టే అవకాశం సగం, ఇంకొకరిని కుట్టే అవకాశం కూడా సగం. సగంలో సగం.. పావు. 2 కాస్తా 0.5 అవుతుంది.

ఇంకో మెట్టు ఎక్కితే.. పరాన్నజీవి దోమ ఒంట్లో ఎదగడానికి వాతావరణాన్ని బట్టి పది రోజులో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆలోపు దోమ చచ్చిపోతే ఎవరికీ అంటించలేదు. అంటే దోమల సంఖ్య కంటే దోమ ఆయుష్షు ఇంకా కీలకం. 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఈ విషయాన్ని లెక్కల్లో తేల్చారు. ఇళ్ల గోడల మీద మందు కొట్టడం ఎందుకు పనిచేస్తుందో దీంతో అర్థమైంది.

‘మలేరియా జీవిత చక్రం వివరించుము’ అన్న ప్రశ్నకు బొమ్మతో సహా ఫుల్ మార్కులు తెచ్చుకున్న స్టూడెంట్ కూడా ఈ మూడు లెక్కల దగ్గర ఆగిపోవచ్చు. ఆ తేడానే మోడల్ పట్టుకుంటుంది.

స్విచ్ తప్పు పెడితే.. స్క్రీనే చెప్పేస్తుంది

గణితం అంటే భయపడే వాళ్లకు కూడా దారి ఉంది. డిగ్రీ సిలబస్‌లో ఉండే ల్యాక్ ఒపెరాన్ తీసుకుందాం. ఈ.కోలి బ్యాక్టీరియా గ్లూకోజ్ ఉంటే దాన్నే ముందు తింటుంది. అది అయిపోయాక లాక్టోజ్ వైపు తిరుగుతుంది. లాక్టోజ్‌ను వాడుకునే జన్యువులు అప్పుడు గట్టిగా ఆన్ అవుతాయి. ఈ స్విచ్ గుట్టు విప్పిన జాకబ్, మోనోలకు 1965లో నోబెల్ వచ్చింది.

దీన్ని మోడల్‌గా కట్టడానికి సమీకరణాలు అక్కర్లేదు. ఆన్, ఆఫ్ స్విచ్‌లు చాలు. సరైన నియమం ఇది.. లాక్టోజ్ ఉండాలి, ‘ఇంకా’ గ్లూకోజ్ లేకుండా ఉండాలి.

ఒక స్టూడెంట్ పొరపాటున ‘ఇంకా’ బదులు ‘లేదా’ పెట్టారనుకుందాం. నడిపించగానే రెండు చక్కెరలూ ఉన్నప్పుడు కూడా స్విచ్ ఆన్ అయిపోతుంది. అసలు ప్రయోగంలో బ్యాక్టీరియా ముందు గ్లూకోజ్‌తో పెరుగుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ లాక్టోజ్‌తో పెరుగుతుంది. గ్రాఫ్‌లో రెండు మెట్లు కనిపిస్తాయి. మోడల్‌లో ఆ రెండు మెట్లు రావు. ఎక్కడో తేడా కొట్టింది అని స్టూడెంట్‌కే తెలిసిపోతుంది. లెక్చరర్‌కి కూడా ఏ మాట దగ్గర అర్థం కాలేదో కచ్చితంగా దొరుకుతుంది.

ఇలాంటి మోడళ్లను కోడింగ్ లేకుండా బ్రౌజర్‌లోనే కట్టుకునేలా అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీ ‘సెల్ కలెక్టివ్’ అనే వేదికను తయారుచేసింది. వేట జంతువు, ఎర జంతువు లాంటి మోడళ్లకు ‘నెట్‌లోగో’ ఉంది. దీన్ని ఉచితంగా దింపుకోవచ్చు. డిగ్రీ బయాలజీ ఎలా ఉండాలో చెబుతూ 2011లో అమెరికా సైన్స్ సంఘం ఇచ్చిన ‘విజన్ అండ్ ఛేంజ్’ రిపోర్టు కూడా, ప్రతి బయాలజీ స్టూడెంట్‌కి రావాల్సిన ఆరు ముఖ్య నైపుణ్యాల్లో మోడలింగ్‌ను ఒకటిగా చేర్చింది.

చూడటం వేరు.. కట్టడం వేరు

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ ఉంది. జంతువులను కోసే ప్రాక్టికల్స్ తగ్గించాలని 2011లో, ఆపేయాలని 2014లో యూజీసీ చెప్పింది. దాంతో కప్ప ట్రేలోంచి పోయి కంప్యూటర్ తెర మీదకు వచ్చింది. ‘మా దగ్గర కంప్యూటర్ ప్రాక్టికల్స్ ఉన్నాయి కదా’ అంటే సరిపోతుందా?

సరిపోదు. తెర మీద కప్ప గుండెను క్లిక్ చేసి పేరు చదవడం బొమ్మ చూడటం లాంటిదే. మోడలింగ్ అంటే ‘దీన్ని మారిస్తే ఏమవుతుంది?’ అని అడగడం. ఏ భాగాలు ఉండాలి, ఏది దేన్ని పెంచుతుంది, ఏది దేన్ని తగ్గిస్తుంది అని స్టూడెంటే తేల్చుకోవడం. రెడీమేడ్ యానిమేషన్ చూసి రికార్డులో బొమ్మ వేస్తే, అది పాత రికార్డు పనే.

మార్కులు ఎక్కడ వేయాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చివర్లో వచ్చిన గ్రాఫ్‌కి మార్కులు వేస్తే పాత కథే రిపీట్ అవుతుంది. ఒకరు గ్రాఫ్ తెస్తారు, మిగతా వాళ్లు స్క్రీన్‌షాట్ కొట్టేస్తారు. అందుకే మార్కులు దారికి పడాలి. ఉదాహరణకు 20 మార్కుల ప్రాక్టికల్ అయితే ఇలా పంచుకోవచ్చు.

1. అంచనా - 4 మార్కులు: మోడల్ నడపకముందే ‘ఏమవుతుంది, ఎందుకు’ అని రెండు వాక్యాలు రాయాలి. అంచనా తప్పయినా కారణం తర్కబద్ధంగా ఉంటే మార్కు పడాలి.

2. నిర్మాణం - 4 మార్కులు: ఏ భాగాలు తీసుకున్నారు? వాటి మధ్య బాణాలు సరిగా ఉన్నాయా?

3. పోలిక - 4 మార్కులు: మోడల్ ఫలితం, అసలు ప్రయోగం డేటా పక్కపక్కన పెట్టి ఎక్కడ కలిసింది, ఎక్కడ కలవలేదు చెప్పాలి.

4. సవరణ - 5 మార్కులు: కలవని చోట ఏం మార్చారు? ఎందుకు మార్చారు?

5. హద్దులు - 3 మార్కులు: ఈ మోడల్ దేన్ని పట్టించుకోలేదు? ఎప్పుడు పనిచేయదు?

గమనిస్తే ఎక్కువ మార్కులు సవరణకు ఉన్నాయి. తన తప్పును తానే పట్టుకుని సరిచేసుకోవడం కంటే ‘అర్థమైంది’ అనడానికి పెద్ద సాక్ష్యం లేదు. ఇప్పుడున్న రాత పరీక్షలో తప్పు రాస్తే కొట్టివేత, అంతే. ఇక్కడ తప్పు దగ్గర్నుంచే మార్కుల లెక్క మొదలవుతుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒకే ప్రశ్నను పాఠానికి ముందు, తర్వాత అడగడం. దోమతెరల ప్రశ్నకు మొదటి రోజు ‘సగం’ అన్న స్టూడెంట్, రెండు వారాల తర్వాత ‘పావు, ఎందుకంటే రెండు కాట్లు కావాలి’ అంటే.. చదువు ఎక్కడ జరిగిందో క్లియర్‌గా కనిపిస్తుంది.

మోడల్ తప్పితే? కోవిడ్ నేర్పిన పాఠం

‘హద్దులు’ అన్న మూడు మార్కులు చిన్నవిగా అనిపించొచ్చు. కానీ వాటి విలువ 2021లో దేశమంతా చూసింది.

కోవిడ్ తీరును అంచనా వేయడానికి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ‘సూపర్ మోడల్’ కమిటీ వేసింది. ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ ఎం.విద్యాసాగర్ దానికి నాయకత్వం వహించారు. తొలి వేవ్ పీక్ సెప్టెంబర్‌లోనే దాటిపోయిందని, జాగ్రత్తలు కొనసాగితే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు బాగా తగ్గిపోతాయని 2020 అక్టోబర్‌లో కమిటీ చెప్పింది. ఫిబ్రవరి నాటికి కేసులు తగ్గాయి కూడా. తర్వాత ఏప్రిల్, మే నెలల్లో సెకండ్ వేవ్ విరుచుకుపడింది. డెల్టా వేరియంట్ వేగంగా పాకింది.

అంటే మోడల్ పనికిరాదా? అలా కాదు. ప్రతి మోడల్ ‘ఇలా ఉంటే, అలా జరుగుతుంది’ అంటుంది. ‘ఇలా ఉంటే’ అన్న భాగం మారిపోతే జవాబు కూడా మారుతుంది. వైరస్ మారినా, జనం ప్రవర్తన మారినా పాత లెక్క నిలబడదు. ఆ షరతులను చదవకుండా గ్రాఫ్ ఒక్కటే చూసినవాళ్లు ‘అయిపోయింది’ అనుకున్నారు.

రేపు డాక్టర్, ల్యాబ్ టెక్నీషియన్, టీచర్, జర్నలిస్ట్ ఎవరైనా కావచ్చు. గ్రాఫ్ కింద ఉన్న షరతు చదవడం వస్తే చాలు, ఈ చదువు పనికొచ్చినట్టే.

అడ్డంకులు లేవా? ఉన్నాయి

మొదటిది మ్యాథ్స్ భయం. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న చాలామంది టెన్త్‌తోనే మ్యాథ్స్‌కి గుడ్‌బై చెప్పేస్తారు. వాళ్ల ముందు సమీకరణం పెడితే అది బయాలజీ పరీక్ష కాదు, మ్యాథ్స్ పరీక్ష అవుతుంది. అందుకే స్విచ్‌లు, బాణాల మోడళ్లతో మొదలుపెట్టాలి.

రెండోది భాష. తెలుగు, ఉర్దూ మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోగానే సగం ధైర్యం పోతుంది. వివరణ సొంత భాషలో చెప్పనిస్తే కొలిచేది బయాలజీని, ఇంగ్లిష్‌ని కాదు.

మూడోది క్లిక్కుల ఆట. ఏదో ఒకటి నొక్కుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు సరైన గ్రాఫ్ వచ్చేస్తుంది. ముందే అంచనా రాయించి తీసుకుంటే దీనికి చెక్ పడుతుంది.

నాలుగోది ఏఐ. చాట్‌జీపీటీని అడిగితే మోడల్ కోడ్ మొత్తం రాసిచ్చేస్తుంది. అప్పుడు వైవానే దిక్కు. ‘ఈ బాణం తీసేస్తే ఏమవుతుంది?’ అని ఎగ్జామినర్ ఎదురుగా అడిగితే కాపీ కొట్టినవాళ్లు నీళ్లు నమలాల్సిందే.

ఐదోది టైం. క్లాసులో 60 మంది ఉంటే అందరి మోడళ్లు చూడటం ఒక్క లెక్చరర్‌కి కష్టం. ముగ్గురు నలుగురు కలిసి ఒక మోడల్ కట్టి, వైవా మాత్రం ఒక్కొక్కరికి విడిగా పెడితే భారం తగ్గుతుంది.

కంప్యూటర్ లేకపోయినా.. రెండు రూపాయి బిళ్లలు చాలు

ల్యాబ్ లేని కాలేజీ కూడా ఇది రేపే మొదలుపెట్టొచ్చు. దోమతెరల లెక్కనే తీసుకోండి. మొదటి బిళ్ల ‘దోమ రోగిని కుట్టిందా?’, రెండో బిళ్ల ‘తర్వాత ఇంకొకరిని కుట్టిందా?’ బొమ్మ పడితే అవును, బొరుసు పడితే కాదు. రెండూ బొమ్మ పడితేనే జబ్బు అంటుకున్నట్టు. 40 సార్లు ఎగరేస్తే రెండూ బొమ్మ పడేది సుమారు 10 సార్లు. సగంలో సగం పావు ఎందుకు అవుతుందో కళ్ల ముందే ఉంటుంది.

ఒక్కో గ్రూప్‌కి 7, 12, 9.. ఇలా వేర్వేరుగా వస్తాయి. ‘మనకెందుకు తేడా వచ్చింది?’ అన్న చర్చ మొదలవుతుంది. అది కూడా పాఠమే. చిన్న బస్తీలో కేసులు ఒక వారం పెరిగి ఇంకో వారం తగ్గినంత మాత్రాన భయపడటమో, సంబరపడటమో ఎందుకు తొందరపాటో అక్కడే తెలుస్తుంది.

జాతీయ విద్యా విధానం 2020 కూడా బట్టీ పరీక్షల నుంచి, నైపుణ్యాన్ని కొలిచే నిరంతర మూల్యాంకనం వైపు వెళ్లాలనే చెబుతోంది. డిగ్రీలో ఇంటర్నల్స్ ఎలాగూ ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని ఇలా మార్చి చూడటానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

స్టూడెంట్స్‌కి ఒక చిన్న టిప్. పాఠం చదివాక ‘ఇందులో ఒకదాన్ని తీసేస్తే మిగతావి ఏమవుతాయి?’ అని మిమ్మల్ని మీరు అడగండి. జవాబు చెప్పగలిగితే పాఠం మీదే. చెప్పలేకపోతే, ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి మళ్లీ చదవండి. పరీక్ష కంటే ముందే మీ మార్కు మీకు తెలిసిపోతుంది.